ఘటం కంటే ముందు ఒళ్లు మొయ్యాలి

ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేది మావారు. షిఫ్టుల వారీగా ఒళ్లు పెంచుకున్నది నేను.

ఆయన పని స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో. ఒక వారం చీకటితోనే వెళ్లే ఫస్టు షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం వెళ్లి రాత్రి పొద్దుపోయాక వచ్చే సెకండు షిఫ్టు, ఇంకో వారం నైటు. భిలాయిలో పుట్టి పెరిగిన నాకు ఇందులో వింతేమీ లేదు, మా నాన్న ఉద్యోగమూ ఇదే. కాకపోతే నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు ఒక ధర్మం బోధించారు. డ్యూటీ నుంచి వచ్చిన మగాణ్ణి ఒంటరిగా తిననివ్వకూడదట. ఆవిడ ఉద్దేశం పక్కన కూర్చోమని. నేను కంచం కూడా పెట్టుకున్నాను.

సెకండు షిఫ్టు వారంలో ఎనిమిదింటికి అమ్మాయితో కలిసి తినేసేదాన్ని. ఆయన వచ్చాక తోడుగా నాలుగు మెతుకులు. నాలుగు మెతుకులకు చారు కావాలి, చారుకు అప్పడం కావాలి, అప్పడం ఉన్నాక ఇంకో నాలుగు మెతుకులు కావాలి. ఫస్టు షిఫ్టు వారంలో ఆయన కోసం తెల్లారకుండానే ఉప్మా చేసి, ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి సగం ప్లేటు తిని, మళ్లీ ఎనిమిదింటికి అమ్మాయితో టిఫిన్. నైటు షిఫ్టు సంగతి చెప్పనే చెప్పను. ఏ షిఫ్టు అయినా ఆయనది మామూలు డ్యూటీ, నాది ఓవర్‌టైమ్.

స్కూల్లో ఖోఖో ఆడేటప్పుడు నన్ను ముట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆ పిల్ల ఎప్పుడు ఎక్కడ తప్పిపోయిందో నాకు తెలియదు. సుపేలా బజారులో మా టైలరుకు మాత్రం తెలుసు. ఏటా నా జాకెట్లు వదులు చేసేవాడు. ఒకసారి జాకెట్టు తిరగేసి చూపించి, "దీదీ, ఇంక విప్పడానికి లోపల కుట్టు మిగల్లేదు" అని హిందీలో ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. టైలరును మార్చేశాను.

ఇదంతా నా జాకెట్ల గొడవగానే మిగిలిపోయేది, మా ఇంటి ఘటం లేకపోతే.

మామగారికి ప్లాంటులో ఉద్యోగం వచ్చినప్పుడు అత్తగారు విజయనగరం దగ్గరి పల్లె నుంచి తెచ్చుకున్న సామానులో ఒక ఇత్తడి ఘటం ఉంది. టౌన్‌షిప్‌లో మా సెక్టారులో తెలుగువాళ్లు కట్టుకున్న అమ్మవారి గుడిలో ఏటా ఎండాకాలంలో సంబరం చేస్తారు. ఆ రోజు ఆడవాళ్లు ఘటాల్లో పసుపు నీళ్లు నింపి, చుట్టూ వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి తలకెత్తుకుంటారు. చెప్పుల్లేని కాళ్లతో డప్పుల వెనక సెక్టారంతా తిరిగి, మార్కెట్ చుట్టి, మళ్లీ గుడికి చేరుస్తారు. దారి పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తారు. పోసేవాళ్లలో తెలుగువాళ్లే కాదు, ఛత్తీస్‌గఢీలూ బెంగాలీలూ కూడా ఉంటారు.

గుడి దగ్గర తలకెత్తిన ఘటాన్ని మళ్లీ గుడికి చేరేదాకా నేల మీద దించకూడదు. ఏ ఇంటి ఘటాన్ని ఆ ఇంటి ఆడపడుచో కోడలో మొయ్యాలి. మోసేవాళ్లు లేకపోతే ఆ వంతును గుడి కమిటీవాళ్లు ఇంకో ఇంటికి ఇచ్చేస్తారు. వంతు కోసం కాచుకుని కూర్చున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఒకసారి చెయ్యిజారిన వంతు మళ్లీ రాదు.

అత్తగారు ఓపిక ఉన్నన్నాళ్లూ మోసి, తర్వాత నాకు అప్పజెప్పారు. నేనూ చాలా ఏళ్లు మోశాను. ఆవిడ పోయాక కొన్నేళ్లకు ఒక సంబరంలో మార్కెట్ మలుపు దగ్గర నాకు ఊపిరి అందలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. పక్కనే నడుస్తున్న మా వదిన, అంటే రిసాలీలో ఉండే మావారి అక్క, ఘటాన్ని నా తల మీద నుంచి తన తల మీదికి తీసుకుని నడిచి వెళ్లిపోయింది. నేను జ్యూసు బండి పక్కన స్టూలు మీద కూర్చుని, డప్పుల చప్పుడు దూరమైపోతుంటే వింటూ ఉండిపోయాను.

అప్పటినుంచి మా ఇంటి ఘటం వదినే మోస్తోంది. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్దది, చీపురుపుల్లలా ఉంటుంది. సంబరం నాడు నా పనల్లా ఆవిడ చెప్పులు, కళ్లజోడు, మంచినీళ్ల సీసా పట్టుకుని వెనకాల ఆటోలో రావడం. అమ్మవారి సంబరానికి ఆటోలో వెళ్లిన కోడలు మా వంశంలో నేనే మొదటిదాన్ని.

కిందటి కార్తీకమాసంలో తెలుగువాళ్లమంతా కలిసి వనభోజనాలకు వెళ్లాం. నేను మూడో బూరె అందుకుంటూ ఉండగా వదిన వచ్చి పక్కన కూర్చుంది.

"ఏటే, ఎన్నోదది?" అంది.

"రెండోది" అన్నాను.

"పోన్లే, తిను. ఒక మాట చెప్పడానికి ఒచ్చాను. వచ్చే సంబరానికి నాను ఘటం ఎత్తను. నువ్వెత్తుతావా, కమిటీకి చెప్పేమంటావా?"

"అదేంటి వదినా, ఎందుకని?"

"ఎందుకేటి? ఇంట్లో కోడలుండగా ఆడపడుచు మొయ్యడమేటి? రిసాలీలో మా పక్కింటోళ్లు అడుగుతున్నారు, మీ మరదలికి కాళ్లు నేవా అని."

చుట్టూ నలుగురూ ఉన్నారు. అందరూ ఎవరి విస్తట్లోకి వాళ్లు ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు.

"నేనే ఎత్తుతాను" అన్నాను.

వదిన నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని, చీర దులుపుకుని లేచి వెళ్లిపోయింది.

పుండు మీద కారం చల్లడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య. కోపంతో ఆ మూడో బూరెను విస్తట్లోనే వదిలేశాను. ఇంటికి వచ్చాక దాని గురించి కూడా బాధపడ్డాను.

మర్నాటి నుంచే మొదలుపెట్టానని రాయాలని ఉంది కానీ, వారం పట్టింది. బూట్లు కొనుక్కోవాలి కదా. అమ్మాయిని వెంటబెట్టుకుని సుపేలా వెళ్లాను. షాపువాడు ఎంతసేపూ అమ్మాయి పాదాల వంకే చూస్తున్నాడు. బూట్లు నాకు అని చెప్పాక కూడా ఒకసారి అమ్మాయి వైపు చూసి, నిజమేనా అని కళ్లతోనే అడిగాడు. ఇంటికి వస్తూ అమ్మాయి, "మమ్మీ, అత్తకి సారీ చెప్పెయ్ నా. ఇత్నా టెన్షన్ ఎందుకు?" అంది. నా కూతురు సగం హిందీలో బతుకుతుంది. రోషం అనే మాట దానికి ఏ భాషలోనూ ఒంటబట్టలేదు.

మొదటి రోజు తెల్లవారుజామున మంచు కురుస్తోంది. సల్వార్ కమీజు, దాని మీద మావారి స్వెట్టరు, తలకు మఫ్లరు. నాకు నేనే దొంగలా కనిపించాను. గేటు తీస్తుంటే పక్క క్వార్టరు దీదీ ఎదురైంది. ఆవిడది రాజ్‌నాంద్‌గావ్ వైపు పల్లె, ఆవిడ భర్తదీ మావారి మిల్లే. రోజూ ఆ వేళకు గ్రౌండులో నడవడం ఆవిడకు అలవాటు.

"కా హోగే దీదీ?" అని, ఏమైందన్నట్టు కంగారుగా అడిగింది. ఆ వేళలో నన్ను బయట చూసి, మా ఇంట్లో ఎవరికో ఆసుపత్రి అవసరం పడిందనుకుంది. నడవడానికే అని చెప్పాక నా బూట్ల వైపు చూసి, నవ్వు ఆపుకుని, నా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లింది.

గ్రౌండు చుట్టూ ఒక్క రౌండయినా పూర్తి చేయలేకపోయాను. సగం దాటకుండానే డొక్కలో నొప్పి, గొంతులో మంట, మోకాళ్లలో ఏవేవో చప్పుళ్లు. దగ్గర్లో కనిపించిన బెంచీ మీద కూలబడ్డాను. ఆ బెంచీ మా శ్రీకాకుళం పెద్దాయనలది. ముగ్గురూ ప్లాంటులో రిటైరైనవాళ్లు. నడవడానికని వచ్చి, నడిచేవాళ్లను చూస్తూ కూర్చుంటారు. వాళ్లలో ఒకాయన నాకు జాగా ఇస్తూ, "ఏటమ్మా, బస్సు కోసమేటి?" అన్నాడు.

ఆయాసంతో జవాబు చెప్పలేకపోయాను గానీ, లేకుంటే చెప్పేదాన్నే. ఒళ్లు నాదే అయినా ఎవరిదో సామాను నెత్తినపెట్టుకుని వచ్చినట్టుంది. ఘటం సంగతి తర్వాత, ముందు ఈ ఒళ్లు మొయ్యడం నేర్చుకోవాలని ఆ బెంచీ మీద అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి మావారు నైటు డ్యూటీ నుంచి వచ్చి ఉన్నారు. నా వాలకం చూసి విషయం అడిగారు. చెప్పాను. ఫర్నేసు బాగా పాతబడితే దాన్ని నెలల తరబడి ఆపేసి, మొత్తం విప్పి మళ్లీ కడతారు. దాన్ని ప్లాంటులో క్యాపిటల్ రిపేర్ అంటారు. "అయితే నీకు క్యాపిటల్ రిపేర్ మొదలైందన్నమాట" అన్నారు ఆయన. ఆ రోజు నుంచి ఎవరు ఫోన్ చేసి నా గురించి అడిగినా అదే మాట. మా తమ్ముడు కంగారుపడి, ఏ ఆసుపత్రిలో అని అడిగాడు.

అసలు చిక్కు మోకాళ్లది కాదు, షిఫ్టులది. ఆయన ఫస్టు షిఫ్టు వారంలో నేను నాలుగింటికే లేచి వంట చెయ్యాలి, ఇక గ్రౌండుకు ఎప్పుడు వెళ్లను? సాయంత్రం వెళ్దామంటే సెకండు షిఫ్టు వారంలో ఆయన కోసం వేడిగా వండాలి. అందుకని తెలివిగా ఆలోచించి, నా నడకను కూడా ఆయన షిఫ్టులతో పాటే తిప్పాను. ఒక వారం పొద్దున, ఒక వారం సాయంత్రం, నైటు షిఫ్టు వారంలో ఆయన పడుకున్నాక పదింటి ఎండలో. నెల తిరిగేసరికి గ్రౌండులో ఏ వేళకు వచ్చేవాళ్లకైనా వరసగా కనబడక, నేను మానేశానని ఖాయమైపోయింది. పొద్దుటివాళ్లు ఆరంభశూరత్వం అన్నారు, సాయంత్రంవాళ్లు అనుకున్నదే అన్నారు. నా ఒంటికి మాత్రం ఏ వేళా అలవాటు కాలేదు. రోజూ మొదటి రోజులాగే ఉండేది.

దీదీ ఒకరోజు గోడ మీద నుంచి నన్ను నిలదీసింది. "డ్యూటీ భయ్యాది. మీది కాదు. మీరెందుకు షిఫ్టులు చేస్తున్నారు?" అంది హిందీలో.

ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు? మా అమ్మ అలాగే బతికింది, అత్తగారూ అలాగే బతికారు. ఇంటి గడియారమంటే మాకు ప్లాంటు గడియారమే. ఆ రాత్రి మావారితో చెప్పేశాను, రేపటి నుంచి పొద్దున్న అయిదున్నర నాది, మీది ఏ షిఫ్టయినా సరే, ఫస్టు షిఫ్టు వారంలో బాక్సు మీరే కట్టుకోండి, కూర రాత్రే చేసి పెడతాను అని. ఆయన పెద్దగా గొడవ పెట్టలేదు. కానీ, రాత్రి నేను కంచం పెట్టుకోకుండా మజ్జిగ గ్లాసుతో పక్కన కూర్చునేసరికి మాత్రం ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఒక్కడినే తింటంటే క్యాంటీన్లో ఉన్నట్టుందే" అన్నారు.

"పక్కనే ఉన్నాగా."

"ఉన్నావులే. అప్పడం ఇరిచే చప్పుడు నేదు."

జాలేసింది. అయినా పట్టుదల వదల్లేదు. నాలుగు రోజులు పోయాక ఆయనే కీరదోసకాయ ముక్కలు కోసి నా ముందు పెట్టి, "ఇది నములు. చప్పుడుంటాది" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకోసం కోసిన మొదటి కాయ అది.

వేళ కుదిరాక ఒళ్లు మెల్లిగా మాట వినసాగింది. సగం రౌండు కాస్తా రౌండయింది. ఒకటి కాస్తా రెండు, మూడయ్యాయి. మధ్యలో మాఘమాసం పెళ్లిళ్లకని విశాఖపట్నం వెళ్లి, చేసిందంతా అక్కడి విందుల్లో పోగొట్టుకుని వచ్చాను. తిరిగొచ్చిన రోజు బెంచీ మీది పెద్దాయనలు లేచి నాకు జాగా ఇచ్చారు. నేను కూర్చోలేదు. కోపంతోనే ఒక రౌండు లాగించాను. కోపం ఇంత పనికొస్తుందని ఇదివరకు తెలిస్తే రోజుకో మనిషితో పోట్లాడేదాన్ని.

ఒక పొద్దున నడుస్తూ నడుస్తూ దీదీతో ఏదో చాడీ చెబుతున్నాను. చాడీ మొత్తం అయిపోయింది. అప్పుడు గమనించాను, ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు. పట్టరాని సంతోషం వేసింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గోల్‌పోస్టు దాకా నాలుగు అంగలు పరిగెత్తాను. పరుగంటే పరుగు కాదు గానీ, కాళ్లు రెండూ ఒకేసారి నేలను వదిలిన మాట నిజం. దీదీ వెనక నుంచి చప్పట్లు కొట్టింది.

ఫాల్గుణం వచ్చేసరికి, ఇక బరువు మోసి చూడాలనిపించింది. ఇంట్లో ప్లాస్టిక్ బిందె ఉంది. నీళ్లు నింపి, తల మీద చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద బిందె పెట్టుకుని, క్వార్టర్ల ముందు నుంచి గ్రౌండుకు బయలుదేరాను. చూపు ముందుకు, నడుము నిటారుగా. ఎందుకో గర్వంగా కూడా ఉంది.

మా వరసలో చివరి క్వార్టరు కిటికీలోంచి ఒకావిడ, "ఎక్కడ దొరికాయి?" అని అడిగింది. మాట్లాడితే బిందె ఊగుతుంది. అందుకని చెయ్యి మాత్రం ఎత్తి గ్రౌండు వైపు చూపించాను. నేను అక్కడికి వెళ్తున్నాను అని నా ఉద్దేశం.

ఎండాకాలం మొదట్లో ఒక ఆడమనిషి తెల్లారకుండా బిందెతో నీళ్లు మోస్తుంటే మా టౌన్‌షిప్‌లో ఎవరైనా ఏమనుకుంటారు? కుళాయిలు బంద్ అయ్యాయి, గ్రౌండులో ట్యాంకరు వచ్చింది. ఇంకేమనుకుంటారు? నేను ఒక రౌండు పూర్తి చేసేలోగా గ్రౌండు గేటులోంచి బకెట్లు, బిందెలు, సైకిళ్లకు కట్టిన క్యాన్లు రావడం మొదలైంది. నైటీల మీద తువ్వాళ్లు కప్పుకుని వచ్చినవాళ్లు, పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చినవాళ్లు. బెంచీ మీది పెద్దాయన ఒకాయన లేచి నిలబడి మరీ, "ట్యాంకరు ఎటేపుంది, అమ్మా?" అని నన్నే అడిగాడు.

అంతమంది మధ్యలో బిందె తల మీద పెట్టుకునే నిలబడి, ఇది ప్రాక్టీసు, సంబరానికి ఘటం ఎత్తాలి, నీళ్లు ఇళ్లలోనే వస్తున్నాయి అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను. దీదీ నవ్వలేక గడ్డిలో కూర్చుండిపోయింది. కిటికీలోంచి అడిగినావిడ మాత్రం నవ్వలేదు. "ఇంత దూరం ఒచ్చినదాన్ని, కాళీ బకెట్టుతో ఎలా ఎల్తాను?" అని, నా బిందె దింపి, నీళ్లు తన బకెట్లో పోసుకుని వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మాయి ఎవరో చెప్పగా విని, కుక్కరుతో సహా ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలో నీళ్లు పట్టి ఉంచింది. వాళ్ల నాన్న టిఫిన్ బాక్సులో కూడా నీళ్లే. ఆ పూట కాఫీ కాచుకోవడానికి ఖాళీ గిన్నె దొరకలేదు.

నలుగురి నోళ్లలో నానినందుకు ఒక లాభం జరిగింది. ఇక వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది. నష్టం ఏమిటంటే, కబురు గంటలో రిసాలీ చేరింది. ఫోన్ మోగితే వదిన.

"నీళ్లు మోస్తన్నావంట" అంది.

ఎకసెక్కానికి సిద్ధపడ్డాను. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. "నీళ్లు ఊగుతాయే. అలవాటు నేకుండా మోస్తే మెడ పట్టేస్తాది. ముందు బియ్యం పోసి మొయ్యి. చుట్ట గట్టిగా కట్టు. కాళ్లకేసి చూడకు, పడిపోతావు. ఏటి, ఇంటన్నావా?"

"వింటున్నా."

"ఎలాగూ సగం దారిలో దించేస్తావనుకో. ఊరికే చెప్పాను" అని పెట్టేసింది.

ఆ చివరి మాట లేకపోతే ఆవిడను మంచిదని అనుకునేదాన్ని. బియ్యం పోసే మోశాను. వరండాలో మోశాను, పెరట్లో మోశాను, టీవీ చూస్తూ మోశాను. మావారు ఒకసారి బిందె కింద ఉన్న నన్ను చూసి బియ్యం ఎక్కడున్నాయని అడిగారు, వండుకుందామని.

సంబరం రోజు వచ్చింది. ఎండ చుర్రుమంటోంది. కమిటీవాళ్లు వంతులు చదువుతూ మా ఇంటి దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. ముందుకు వచ్చి నిలబడ్డాను. వదినే ఘటాన్ని ఎత్తించడానికి ఒక చెయ్యి వేసింది, మరో చెయ్యి మావారిది. తల మీదికి రాగానే ఇత్తడి బరువు తెలిసింది. బియ్యం బరువు వేరు, అమ్మవారి బరువు వేరు. డప్పులు మొదలయ్యాయి.

నడిచాను. దారి పొడుగునా కాళ్ల మీద నీళ్లు పడుతున్నాయి. తారు కాలుతోంది, నీళ్లు చల్లబరుస్తున్నాయి. ఊపిరి ఒక లయలో వస్తోంది. కాళ్లు నావే, ఈసారి ఎవరివో కాదు. నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కటే. వదిన. నా కుడి పక్కనే, అడుగులో అడుగు వేస్తూ, ఒక చెయ్యి సగం పైకెత్తి నడుస్తోంది, ఏ క్షణాన పడేస్తానా, ఎప్పుడు అందుకుందామా అన్నట్టు.

మార్కెట్ మలుపు దగ్గర ఇక పట్టలేకపోయాను. "చెయ్యి దించు వదినా. నాకు చిరాగ్గా ఉంది" అన్నాను పెదాలు కదలకుండా.

"నోరు మూసుకుని ఊపిరి తీస్కో" అంది. చెయ్యి దించలేదు.

నేను ఆగలేదు. మలుపు తిరిగాను. మెడ లాగింది, పసుపు నీళ్లు చెంపల మీదికి కారాయి, అయినా కాళ్లు తడబడలేదు. గుడి కనిపించేసరికి అడుగు ఇంకా జోరైంది. పూజారి ఘటాన్ని అందుకుని లోపల పెట్టాక, తల గాల్లో తేలిపోతున్నట్టు అనిపించింది. మావారు ముక్కు ఎగబీలుస్తూ చెప్పుల కోసం వెతుకుతున్నారు. అమ్మాయి నన్ను చుట్టుకుని హిందీలో ఏదేదో అంది.

ఇప్పుడు వదినను ఒక మాట అనాలి. ఉట్టి గురించి, స్వర్గం గురించి. నెలల తరబడి గ్రౌండులో నడుస్తూ తయారు చేసుకున్న మాటలవి. వెతుక్కుంటూ వెళ్లాను. గుడి వెనక షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో మజ్జిగ గ్లాసు. తాగడానికి తల వెనక్కి వంచబోయి, వంచలేక, గ్లాసు కిందికి దించింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ దించింది.

"ఏమైంది వదినా?"

"ఏటీ నేదు. మెడ."

"మెడకేమైంది?"

"కిందటేడు సంబరం అయ్యాక చేతులు తిమ్మిరెక్కితే డాక్టరుకి చూపించాను. ఎముకలరిగిపోనాయి, ఇంక నెత్తి మీద బరువెట్టొద్దన్నాడు."

నేను అనాలనుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. "మరి నాకెందుకు చెప్పలేదు? చెప్తే నేను మొయ్యనా?"

"మొయ్యవేటి, మోద్దువు. జాలిపడి మోద్దువు" అంది వదిన. "జాలితో ఎత్తిన ఘటం మార్కెట్ కాడ దిగిపోద్ది. రోషంతో ఎత్తినదైతే గుడి దాకా ఒస్తాది."

అప్పుడు నాకు దారి పొడుగునా ఆవిడ ఎత్తి ఉంచిన చెయ్యి గుర్తొచ్చింది.

"నేను దారిలో ఆగిపోయి ఉంటే ఏం చేద్దువు?"

"ఎత్తుకుందును" అంది, అదో పెద్ద విషయమా అన్నట్టు.

నాకు ముందు కోపం వచ్చింది. ఆ మెడతోనా, అని గట్టిగా తిట్టాలనిపించింది. తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఆవిడ కొంగుతో నా ముఖం మీది పసుపు తుడిచి, "ముందు మజ్జిగ పట్టించవే, గొంతెండిపోతంది" అంది. గ్లాసు నేనే వంచి తాగించాను.

ఇప్పుడు పొద్దున్నే లేచి స్కూటీ మీద రిసాలీ వెళ్తున్నాను. డాక్టరు ఆవిడను రోజూ కాసేపు నడవమన్నాడు, మెడకు ఏవో వ్యాయామాలు కూడా రాసిచ్చాడు. ఈ వయసులో నాకేటే ఇయ్యన్నీ అని ఆవిడ కదలదు. బతిమాలితే అసలు వినదు. అందుకని వాళ్ల వీధి చివర పార్కులో బెంచీ మీద ఆవిడను కూర్చోబెట్టి, "నీవల్ల కాదులే వదినా. నువ్వు కూర్చో, నేనొక్కదాన్నే తిరిగొస్తా" అని చెప్పి బయలుదేరుతాను.

పది అడుగులు వేసేసరికి వెనకాల చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. దాంతో పాటే, "ఏటే, నన్నేటనుకుంటన్నావు?" అని గొణుగుడు. నేను అడుగు కొంచెం తగ్గిస్తాను గానీ తిరిగి చూడను. చూస్తే నా ముఖంలో జాలి కనిపించి ఆగిపోతుంది.